గోడ బయటి దళం

రండి తల్లీ, రండి నాయనా, ఇంకా దగ్గరికి జరగండి. ఆ వెనక స్తంభానికి ఆనుకున్న పెద్దాయనా, మీరూ ముందుకు రావాలి. ఈ కథలో సైనికులు బొటనవేలంత ఉంటారు, అంత దూరం నుంచి చూస్తే కనపడరు. ఫోన్ల నోరు కాసేపు మూయించండి. మొదలుపెట్టేముందు సింహాద్రి అప్పన్నని ఒక్కసారి మనసులో తలుచుకోండి. ఏడాది పొడుగునా చందనం పూత కింద ఉండిపోయి, ఒక్క రోజు మాత్రం నిజరూపం చూపించే స్వామి ఆయన. ఇది కూడా పూత కింద ఏముందన్న కథే. ఆయన తోడు లేకపోతే చెప్పే ధైర్యం నాకు లేదు.

ఊరు విశాఖపట్నం. మీరూ నేనూ ఎరిగిన విశాఖ కాదు. సముద్రం వీధుల్లోకి నడిచి వచ్చాక, దానికీ ఊరికీ మధ్య ఎత్తయిన గోడ కట్టుకున్న విశాఖ. ఆ గోడకి ఇవతల ఒక టిఫిన్ హోటల్ ఉంది. దాని మేడ మీద, ఆదివారం మధ్యాహ్నం, సాంబారు వాసన మధ్యలో, అంగారక గ్రహం మీద యుద్ధం జరుగుతోంది.

"పారిపోతన్నార్రా! మళ్ళీ పారిపోతన్నారు!" అని గవర్రాజు తొడ చరిచాడు. కింద హోటలూ ఆయనదే, పైన ఈ బొమ్మల క్లబ్బూ ఆయనదే, ఆటలో తీర్పరీ ఆయనే.

పెళ్ళి భోజనాల బల్లంత బల్ల. దాని మీద ఎర్ర ఇసక, గుంటలు, రాళ్ళు. ఒక చివర కోట. కోటకి అగ్గిపెట్టెంత ఇనప తలుపు. మైదానం మధ్యలో పసుపు హెల్మెట్లు పెట్టుకున్న చిన్న సైనికుల దళం. ధూళి తుఫాను సైరన్ మోగింది. అంతే, ఎవరి చెయ్యీ తగలకుండానే ఆ బొమ్మలన్నీ గిరుక్కున తిరిగి, ఇసకలో చిన్న చిన్న గీతలు పడేలా పరుగెత్తాయి. ఇంటివైపు పరుగెత్తితే ఓ అర్థముంది. అవి శత్రువు కోటవైపే పరుగెత్తి తలుపు ముందు కుప్పగా ఆగాయి.

"శత్రువు గుమ్మంలోకి పారిపోయే సైన్యాన్ని ఎక్కడైనా చూసినారేటి? లొంగిపోడానికైనా ఓ పద్ధతుండాలి," అన్నాడు గవర్రాజు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

కోట వెనక నిలబడ్డ నూకరత్నం నవ్వలేదు. ఆట నియమం ప్రకారం తుఫాను వచ్చేటప్పుడు తలుపు తెరిస్తే కోట పోయినట్టే. తెరవని కోటే గెలుస్తుంది. ఆమె తుపాకుల మీట నొక్కింది. కోట గోడ మీది తుపాకులు ఎర్రగా మిణుకుమన్నాయి. తలుపు ముందు బొమ్మలు ఒక్కొక్కటే పక్కకి ఒరిగాయి.

ఆ దళానికి రంగులేసినవాడు ఆమె తమ్ముడు లోవరాజు. అతను చనిపోయి రెండేళ్ళయింది.

ఇక్కడ ఆగి ఆ బల్ల సంగతి చెప్పాలి. లేకపోతే నేనేదో చేతబడి చెబుతున్నానని మీరు పిల్లల్ని తీసుకుని లేచిపోతారు.

ఈ ఆటవాళ్ళు బొమ్మల్ని రంగు లేకుండా, బూడిదరంగులో కొంటారు. పాత సీసా మూత మీద జిగురుతో నిలబెట్టి ఎవరికి వారే రంగులేసుకుంటారు. నిజం చెప్పాలంటే వాళ్ళలో సగంమందికి యుద్ధం ఒక సాకు, అసలు మోజు కుంచె మీదే. ముందుగా రంగు పట్టి నిలిచేందుకు ప్రైమర్ అనే అడుగు పూత. దాని మీద అసలు రంగు. ఆపైన నీళ్ళలాంటి నల్లరంగు మడతల్లోకి జారేలా వదులుతారు. అది ఆరాక అంచుల మీద వెంట్రుకవాసి వెలుగు గీత. కళ్ళు అన్నిటికన్నా ఆఖర్న. గవర్రాజు క్లబ్బులో కళ్ళు పెట్టేముందు కర్పూరం వెలిగించడం ఆనవాయితీ. మన శిల్పులు విగ్రహానికి కళ్ళు తెరిచేటప్పుడు చేసే పనే, ప్లాస్టిక్ సైనికుడికీ చేస్తారు. నవ్వకండి. చూపు ఇవ్వడమంటే చిన్న పని కాదు.

అదే ఊళ్ళో ప్రయోగశాల నడిపే డాక్టర్ భ్రమరాంబ ఆ ప్రైమర్‌లో కంటికి కనపడని రేణువులు కలిపింది. తడి సిమెంటు మీద కుక్క నడిస్తే అడుగులు ఉండిపోతాయి చూశారా? అలాగే కుంచె ఎక్కడ నొక్కిందో, ఎక్కడ ఆగిందో, ఎక్కడ తడబడిందో ఆ రేణువులు పట్టుకుంటాయి. బల్ల కింద సెన్సర్లు ఆ జాడ చదువుతాయి, అయస్కాంతాలు బొమ్మని నడిపిస్తాయి. ఎవరూ ఆజ్ఞలివ్వకుండా వదిలేస్తే, రంగు వేసినవాడి స్వభావం ఎలాంటిదో దళం అలాగే నడుస్తుంది. కోపిష్టివాడి బొమ్మలు ఎగబడతాయి. నిదానస్థుడివి రాళ్ళ చాటున కాచుకుంటాయి. గవర్రాజు దళమైతే నాలుగు అడుగులు వేసి ఆగుతుంది, మళ్ళీ నాలుగు అడుగులు వేసి ఆగుతుంది. గీతకో పకోడీ తినే అలవాటు మరి.

ప్రైమర్ సీసా మీద ఒక మాట అచ్చు వేశారు: మీరు లేకపోయినా మీ ధైర్యం ఉంటుంది.

ఆ మాట నమ్మే నూకరత్నం మొదటిసారి తమ్ముడి దళాన్ని బల్ల మీద పెట్టింది.

లోవరాజు గోడ బయట పంపుహౌస్‌లో మేస్త్రీ. ఊళ్ళోకి ఊరే ఉప్పునీటిని తోడి సముద్రంలోకి పొయ్యడం అతని ముఠా పని. పంపులు తిరుగుతున్నంతసేపూ చూస్తూ కూర్చోవడమే, అందుకని పక్కన ఓ డబ్బా మీద బొమ్మలు పెట్టుకుని రంగులేసేవాడు. పాత పైపుల తుప్పు గీకి, పొడిచేసి, బొమ్మల బూట్లకి పూసేవాడు. ఆ తుప్పు నిజం తుప్పన్నమాట. మొన తేలడానికి కుంచెని పెదవులతో తడిపేవాడు.

"ఒరే, ఆ రంగు కడుపులోకెల్లిపోద్దిరా," అని నూకరత్నం కసిరేది.

"ఎల్లనీ అప్పా. లోపల కూడా అందంగా ఉంటాను." మా వైపు అక్కని అప్ప అంటారు లెండి.

ఆమెది గోడలో దక్షిణపు గేటు దగ్గర ఉద్యోగం. పొద్దున్న తమ్ముడి ముఠా బయటికి వెళ్ళేటప్పుడు గేటు తెరిచేది ఆమె, సాయంత్రం లోపలికి వచ్చాక మూసేది ఆమె. ఒకరోజు అన్నం తింటూ లోవరాజు అన్నాడు, "అప్పా, నాకు సముద్రం అంటే బయమే. సైరన్ టెస్టింగ్ పెట్టినప్పుడల్లా సెయ్యి వొణికిపోద్ది. కళ్ళు నీ గేటు మీదే ఉంటాయి."

"మేస్త్రీవి నువ్వే వొణికితే నీ ముఠా ఏటైపోవాల?"

"అందుకే కదా బొమ్మల దగ్గర వొణుకుతాను. ఆళ్ళ ముందు వొణకను."

ఆమె నవ్వి, చారు వడ్డించింది.

ఉప్పెన మిట్టమధ్యాహ్నం వచ్చింది. ఎండ కాస్తూనే ఉంది. గేటు గదిలో ఎర్రదీపం వెలిగితే తలుపు దించాలి, వెనకా ముందూ ఆలోచించకూడదు. గోడ వెనక లక్షలమంది ఉన్నారు. ఎర్రదీపం వెలిగింది. నూకరత్నం దించింది. తలుపు మూరెడు మందం, అవతల ఎవరు కొట్టినా చప్పుడు ఇవతలికి రాదు. నీళ్ళు తగ్గాక ముఠాలో ఎవరూ మిగల్లేదు. శవాలు ఎక్కడ దొరికాయన్నదాన్ని బట్టి కూడా ఏమీ తేలలేదు. అల ఎక్కడివాళ్ళని ఎక్కడికో చేర్చింది. విచారణ జరిగింది. "నీ తప్పేమీ లేదమ్మా, నీవల్ల ఊరు నిలిచింది," అన్నారు. శాలువా కూడా కప్పారు. ఇంటికెళ్ళి మడతపెట్టిన ఆ శాలువాని ఆమె మళ్ళీ విప్పలేదు.

ఆమెని తినేసిన ప్రశ్న ఒక్కటే. వాడు తలుపుదాకా వచ్చాడా? వచ్చి, కొట్టి, అప్పా అని అరిచాడా?

ఏడ్చి ఏడ్చి కాస్త తేరుకున్నాక, సీసా మీది మాట పట్టుకుని, ఒక్కసారి వాణ్ణి ధైర్యంగా చూసుకుందామని దళాన్ని క్లబ్బుకి తెచ్చింది. సైరన్ మోగగానే బొమ్మలు పరుగెత్తి వచ్చి ఆమె తలుపు ముందు నిలబడ్డాయి. మరుసటి ఆదివారం అంతే. ఆపై ఆదివారం కూడా అంతే. క్లబ్బులో దానికి పిరికి దళం అని పేరు పడింది. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, గేటు సంగతి వాళ్ళకి అంతగా తట్టలేదు. తట్టిన ఒకరిద్దరు చెప్పబోతే నూకరత్నమే వద్దంది.

కోటవైపు ఆడటానికి ఇంకొకరిని ఆమె రానిచ్చేది కాదు.

"నాను ఆడతానమ్మా, నువ్వు కూకో," అన్నాడు గవర్రాజు ఒకసారి, జాలిపడి.

"వొద్దు బావా. ఆడిని ఇంకోల సేతికి ఇవ్వను."

మీట నొక్కితేనే ఆట ముగుస్తుంది. ఆట ముగిస్తేనే మళ్ళీ ఆదివారం ఆ బొమ్మలు లేచి నిలబడతాయి. అందుకని ఆమె నొక్కేది. తలుపు తీస్తే ఏమవుతుందని అడుగుతారేమో. ఆమెకీ ఆ ఆలోచన రాకపోలేదు. తీస్తే అవి లోపలికి వస్తాయి. వచ్చి తనవైపు చూస్తాయి. ఆ చూపుకి ఏం జవాబు చెబుతుంది? తుపాకులే నయమనిపించేది. భగవంతుడా, మనుషుల్ని ఎన్ని తలుపుల వెనక దాచావయ్యా!

పిరికి దళం మాట ఆ చెవినా ఈ చెవినా పడి డాక్టర్ భ్రమరాంబదాకా వెళ్ళింది. ఒక మధ్యాహ్నం ఆవిడే మెట్లెక్కి వచ్చింది. నెరిసిన జుట్టు, చేతిలో చిన్న భూతద్దంలాంటి యంత్రం. బొమ్మల్ని ఒక్కొక్కటే దాని కింద పెట్టి చాలాసేపు చూసింది. గవర్రాజు పెసరట్టు తెచ్చి పక్కన పెట్టాడు, అది చల్లారిపోయింది.

"వణుకు ఉందమ్మా," అంది చివరికి. "ప్రతి బొమ్మ మీదా ఉంది. ఇంత వణుకు నేనెక్కడా చూడలేదు."

"అయితే పిరికోడేనా?" అని అడిగింది నూకరత్నం.

"ఆ మాట నేను చెప్పలేను. ఈ రేణువులకి చెయ్యి మాత్రమే తెలుసు. చెయ్యి వణికితే అందులో పడుతుంది. వణికే మనిషి ఆ తరవాత లేచి ఏం చేశాడన్నది పడదు. సీసా మీద ఆ మాట వేయించి తప్పు చేశాను. అమ్మడానికి బాగుంటుందన్నారు, సరేనన్నాను."

"మరి ఆ రోజు ఏటయిందో ఈటికి తెలీదా?"

"తెలీదు. ఆ రోజుకి ఈ రంగులు ఎప్పుడో ఆరిపోయాయి. మీ తమ్ముడు ఎలాంటివాడో కొంచెం తెలుసు, అంతే." ఆవిడ బొమ్మలవైపు చూస్తూ అంది. "ఇంకో సంగతి చెప్పాలి. బల్ల చదివిన ప్రతిసారీ ఈ జాడ కొంత అరుగుతుంది. మీరు వీటిని చాలా ఎక్కువ ఆడారు. ఇంకొక్క ఆటకి సరిపోతుందేమో, అంతకుమించి ఉండదు. ఆడకుండా ఇనప డబ్బాలో పెట్టుకుంటే మాత్రం మీరున్నంతకాలం అలాగే ఉంటుంది. నా సలహా, దాచుకోండి."

"డబ్బాలో ఉంటే బతికున్నట్టా?"

"పోనట్టు," అంది డాక్టర్.

ఆ వారమంతా నూకరత్నం డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంది. ఒక బొమ్మని తీసేది, హెల్మెట్ కింద ఆవగింజలో సగం ఉన్న కళ్ళు చూసేది, మళ్ళీ దూదిలో పెట్టేది. దాచుకుంటే తమ్ముడు మిగులుతాడు, తలుపు ముందు నిలబడ్డవాడిగా మిగులుతాడు. ఆడితే పోతాడు. రెండోసారి పోతాడు, అదీ ఆమె చేతి మీదుగానే.

ఆదివారం ఆమె డబ్బాతో మేడ ఎక్కింది. డాక్టర్ కూడా వచ్చి గోడవార స్టూలు మీద కూర్చుంది. ఇదే ఆఖరి ఆటని అందరికీ తెలిసింది, గేటు సంగతీ తెలిసింది. గవర్రాజు ఏదో పరాచికం ఆడబోయి, నోటిదాకా వచ్చినదాన్ని మింగేశాడు. బొమ్మల ముందు కర్పూరం వెలిగించాడు. కొత్త కళ్ళకి వెలిగించాల్సింది పాత కళ్ళకి వెలిగించాడు, ఎవరూ తప్పనలేదు.

దళం ఇసకలోకి దిగింది. కాసేపు ముందుకే నడిచింది. సైరన్ మోగింది. బల్ల అవతలి చివర నుంచి ఎర్రధూళి గోడలా లేచింది. పసుపు హెల్మెట్లన్నీ తిరిగాయి, పరుగెత్తాయి, వచ్చి తలుపు ముందు కుప్పగా ఆగాయి.

నూకరత్నం చెయ్యి మీట మీదికి వెళ్ళింది. ఇన్ని ఆదివారాల అలవాటు, దానంతటదే వెళ్ళింది.

"రత్నం," అన్నాడు గవర్రాజు మెల్లిగా. "తలుపు తీస్తే ఓడిపోతావు. ఇన్నాళ్ళలో ఒక్క ఆట ఓడలేదు నువ్వు."

"ఓడిపోనీ బావా."

ఆమె తలుపు తీసింది.

తోపులాట అవుతుందనుకున్నారు అందరూ. అవలేదు. ముందున్న బొమ్మ లోపలికి దూరకుండా పక్కకి జరిగి, పాదం విరిగి జిగురుతో అతికించిన ఒక బొమ్మకి దారి ఇచ్చింది. అది కుంటుకుంటూ లోపలికి వెళ్ళింది. దాని వెనక ఇంకొకటి, దాని వెనక ఇంకొకటి. లోపలికొచ్చినవి తుపాకీ ఎత్తలేదు, నూకరత్నంవైపు చూడలేదు. కోట గోడ పొడుగునా, పని దిగాక కూర్చునే కూలీల్లాగా, వరసగా ఆగాయి. బల్ల పక్కన తెర మీద అక్షరాలు పడ్డాయి: కోట పోయింది. రక్షకులు ఓడారు.

తెరని ఎవరూ చూడటం లేదు. బయట ఒక్క బొమ్మ మిగిలింది. అది దళానికి నాయకుడి బొమ్మ, లోవరాజు దాన్ని మేస్త్రీ అనేవాడు. ఇన్నాళ్ళూ మూసిన తలుపు ముందు గుంపులో కలిసిపోయి, అందరితోపాటే కూలిపోయేది కాబట్టి, దాని నడక ఏమిటో ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. అది తలుపుకి వీపు పెట్టి, ధూళివైపు ముఖం పెట్టి, చివరి బొమ్మ గడప దాటేదాకా అక్కడే నిలబడింది.

తర్వాత తిరిగింది. తలుపు బార్లా తెరిచే ఉంది. లోపలికి రావడానికి రెండంగుళాలు.

"రారా," అంది నూకరత్నం. పెదవులే కదిలాయి. "తీసే ఉంచానురా. రా."

బొమ్మ గడపదాకా వచ్చింది. అక్కడ ఆగి, ఒక అడుగు వెనక్కి వేసింది. తలుపు పడటానికి అడ్డం లేకుండా పక్కకి జరిగి నిలబడింది.

గేటు దగ్గర పనిచేసే ఎవరినైనా అడగండి, ఆ అడుగు అంటే ఏమిటో చెబుతారు. లోపలివాళ్ళు లోపల ఉన్నారు, ఇక దించెయ్యి అని అర్థం.

డాక్టర్ భ్రమరాంబ స్టూలు మీంచి లేచి వచ్చింది. వంగి యంత్రంతో చూసింది. "ఈ బొమ్మ మీద కూడా వణుకు ఉంది," అంది. "మిగతావాటికన్నా ఎక్కువే ఉంది."

తెర మీద మళ్ళీ అక్షరాలు పడ్డాయి: తలుపు మూయండి. ఆట ముగించండి.

"మూయను," అంది నూకరత్నం.

ధూళి దగ్గరికి వస్తోంది. గవర్రాజు వంగి, బల్ల ప్లగ్గు గోడలోంచి పీకేశాడు. ధూళి ఉన్నచోటే ఇసకై రాలిపోయింది. తీర్పరి అలా చెయ్యకూడదు. చేశాడు.

మళ్ళీ ప్లగ్గు పెట్టి చూస్తే ఏ బొమ్మా కదల్లేదు. అరిగిపోయింది. అప్పుడు నూకరత్నం ఏడ్చింది. ఆ ఏడుపు వేరు. తమ్ముడు ఆ రోజు తలుపుదాకా వచ్చాడో లేదో ఆమెకి ఇప్పటికీ తెలీదు. వచ్చి ఉంటే, గేటు తెరిచి ఉన్నా, దానికి ఎటుపక్క నిలబడేవాడో మాత్రం తెలిసింది.

ఇక ఆ యంత్రం ఏమైందంటారా? అదీ వినండి. మనుషుల ధైర్యాన్ని దాచి, యుద్ధాలు రంజుగా ఆడించడానికి చేసిన బల్ల అది. ఆ సంగతి ఊరంతా పాకాక, విశాఖలో ఏ క్లబ్బులోనూ కోట తలుపు మూసేవాడు లేకుండా పోయాడు. సైరన్ మోగగానే కోట వెనక ఎవరున్నా తలుపు మీట లాగేవారు. అన్ని దళాలూ అన్ని కోటల్లోకీ వచ్చి కూర్చునేవి. గెలుపు లేదు, ఓటమి లేదు. ఆట అమ్మే కంపెనీవాళ్ళు ఆదుర్దాగా మనిషిని పంపారు. ఆయన గవర్రాజుని అడిగాడు, "మీ ఊళ్ళో బల్లలన్నీ చెడిపోయాయా?"

"చెడలేదు బాబూ. బాగా పనిచేస్తన్నాయి. పెసరట్టు తింటావేటి?" అన్నాడు గవర్రాజు.

ఆ ఆట ఆ ఊళ్ళో అలా ఆగిపోయింది. రంగులు వెయ్యడం మాత్రం ఆగలేదు. నూకరత్నం కూడా కుంచె పట్టింది. ఇప్పటికీ గేటు ఉద్యోగంలోనే ఉంది. ఎర్రదీపం వెలిగితే దించక తప్పదు, అది ఊరి ప్రాణం. పచ్చదీపం వెలుగుతున్నంతసేపూ మాత్రం గేటు గదిలో కూర్చోదు. గోడ బయట, తమ్ముడి పంపుహౌస్ కనపడేచోట కుర్చీ వేసుకుని, బొమ్మలకి రంగులేస్తూ, బయట ఎవరున్నారో చూస్తూ ఉంటుంది. మొన మొండైతే కుంచెని పెదవులతో తడుపుతుంది.

అయిపోయింది నాయనా. రేణువులూ అయస్కాంతాలూ మీకు గుర్తుండవు, ఉండక్కర్లేదు. ఒక్క పని గుర్తుంచుకోండి: ఓడిపోతానని తెలిసి తెలిసి ఒక ఆడమనిషి తలుపు తీసింది. రేపో మాపో మీ గుమ్మంలోకి ఎవరో పరుగున వస్తారు, వణుకుతూ వస్తారు. పిరికివాడా, శత్రువా, ఎందుకొచ్చాడు అని లోపల్నుంచి లెక్కలు వెయ్యకండి. ముందు తలుపు తీయండి. అప్పన్న సాక్షిగా అడుగుతున్నాను, తీస్తారు కదూ? ఏదీ, ఆ వెనకవాళ్ళూ ఒక్కసారి గట్టిగా చెప్పండి.